మూత తీయని బకెట్

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. ఉప్పుగూడ నుంచి వచ్చే మా స్కూలు ఆయా టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "టీచరమ్మా, బంగారం బక్కెట్టాయన పోయిండు, ఎరికేనా?" అంది. పాలు విరిగాయని చెప్పినంత మామూలుగా చెప్పి, పక్క బల్ల మీది ఖాళీ గ్లాసులు ఏరుకోవడం మొదలుపెట్టింది.

నా చేతిలో ఎర్ర సిరా పెన్ను ఉంది. ఆ తరువాత ఏ పిల్లకు ఎన్ని మార్కులు వేశానో నాకే తెలియదు. ఆయన పోవడం ఒక దెబ్బ, ఆ పేరు వినడం ఇంకో దెబ్బ. పన్నెండేళ్ళు దాటినా ఆ పేరు అట్లాగే ఉందన్నమాట. ఈ ఆయాకు ముప్పై ఏళ్ళు కూడా లేవు, ఆ రోజు తను అక్కడ లేదు, అయినా తనకు ఆయన ఆ పేరుతోనే తెలుసు. ఏం బంగారమే, ఎవరు చూశారే అని గదిమాను. తనకేం తెలుసు, అందరూ అంటారు కాబట్టి తనూ అంటుందట. నిజమే, తప్పు ఆమెది కాదు. ఆ పేరు రావడానికి కారణం నేను. ఆ సంగతి ఇంతవరకు మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆయన అసలు పేరు నాకు తెలుసు. రాయను. బతికున్నన్నాళ్ళు ఒక్కసారీ పిలవని పేరును, పోయాక కాగితం మీద పెట్టి మంచిదాన్ననిపించుకోవడం నాకిష్టం లేదు. అప్పట్లో మా లాల్‌దర్వాజా గల్లీలో ఆయన్ని అందరూ డ్రైనేజాయన అనేవాళ్ళు. కొంతమంది ఆ మాట కూడా లేకుండా చప్పట్లు కొట్టి పిలిచేవాళ్ళు.

మేం అద్దెకున్న ఇంట్లో ఒకే వాకిలి, అయిదు కాపురాలు, అందరికీ కలిపి ఒకే పాయఖానా. దాని వెనక, సందు వైపు గోడవారన నేలలో ట్యాంకు, పైన రెండు రాతి పలకలు. అది నిండిందంటే అయిదిళ్ళ ఆడవాళ్ళం ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని, నిన్న మీ ఇంటికి చుట్టాలొచ్చారంటే మీ ఇంటికొచ్చారని ఒకరి మీద ఒకరం సాధించుకునేవాళ్ళం. మర్నాడు పొద్దున ఆయన వచ్చేవాడు.

సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచే మనిషి. ఉతికిన తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చేవాడు. ఈ పనికి తెల్ల చొక్కా ఏమిటని నాకు మొదట్లో నవ్వొచ్చేది. రాగానే దాన్ని విప్పి, నాలుగు మడతలు పెట్టి, మా గేటు పైకమ్మి మీద పెట్టేవాడు. పని అయ్యాక వీధి చివర కుళాయి దగ్గర ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేసి, తలకు నూనె రాసి, పాపిడి తీసి, మళ్ళీ ఆ చొక్కా తొడుక్కుని, పోయొస్తానని చెప్పడానికి వచ్చేవాడు. అప్పుడాయన్ని చూస్తే ఎక్కడో పెళ్ళికి బయల్దేరిన పెద్దమనిషి అనుకోవాలి. అయినా మా అత్తగారు ఆయన గేటు దాటకుండా మాటలతోనే ఆపేసేది. ఆయన కూడా ఎన్నడూ దాటబోలేదు. నడుముకు కట్టుకున్న గుడ్డలో సొంత అల్యూమినియం గ్లాసు ఉండేది. మంచినీళ్ళు కావాలంటే ఆ గ్లాసు తీసి కింద పెట్టి తను రెండడుగులు వెనక్కి జరిగేవాడు. ఏ గ్లాసులో ఇవ్వాలా అని ఎవరూ ఇబ్బంది పడకుండా ఆ ఏర్పాటు తనే చేసుకున్నాడు. మేం దాన్ని ఆయన మంచితనంగా మెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఆయన మీద కాదు.

పలకలు జరిపాక ఆయన వెంటనే చెయ్యి పెట్టేవాడు కాదు. దూరంగా, గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని అటు వెళ్ళి కూచుని ఒక బీడీ కాల్చేవాడు. అది అయ్యాక ఇంకోటి. మా వాకిట్లో వాళ్ళకది సోమరితనం. ఒకసారి నేనూ స్కూలుకు ఆలస్యమవుతోందని కసురుకున్నాను. ఆయన నొచ్చుకోలేదు. "దాన్ని గూడ జరంత ఊపిరి తీస్కోనీయాలె టీచరమ్మా, లేకుంటే నా ఊపిరి తీస్కుంటది" అన్నాడు. అట్లా తొందరపడి దిగిన తమ్ముడొకడు తనకు ఉండేవాడని చాలా రోజుల తరువాత, వేరే మాటల్లో, తెలిసింది.

ట్యాంకులో ఏం వచ్చిందని మా వాళ్ళకు మహా కుతూహలం. పక్కింటి వాళ్ళ గుట్టు తెలుసుకోవడానికి అంతకన్నా దారేముంది? ఎవరడిగినా ఆయన జవాబు ఒకటే. "ఏమొస్తది, అందరింట్ల వచ్చేదే." ఆ మాట అనేటప్పుడు నవ్వడు, కోపం చూపడు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి అదే అంటాడు.

ఆ మాట విలువ నాకు మా అత్తగారి పళ్ళ దగ్గర తెలిసింది. ఒకసారి ఆవిడ నాలుగు రోజులపాటు చిగుళ్ళ నొప్పి అని చెంపకు గుడ్డ కట్టుకుని, మెత్తగా పిసికిన పెరుగన్నం తప్ప ఏదీ తినలేదు, నోరు తెరిచి మాట్లాడలేదు. అయిదో రోజు ఆయన ట్యాంకు తీసి వెళ్ళేటప్పుడు నన్ను గేటు దగ్గరకు సైగతో పిలిచి, మోదుగాకు పొట్లం ఒకటి గోడ మీద పెట్టాడు. విప్పితే కట్టుడు పళ్ళ సెట్టు. బూడిదతో తోమి, వేడి నీళ్ళలో కడిగి, తళతళలాడుతోంది. చప్పున కొంగు కింద దాచాను. ఆయన మాత్రం వేప చెట్టు వైపు చూస్తూ, "పెద్దమ్మకు నొప్పి తక్కువైతది" అన్నాడు. నేను దాన్ని పొటాషియం పర్మాంగనేటు నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, అత్తగారి మంచం పక్కన పెట్టాను. ఆవిడ ఎక్కడిదని అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పళ్ళతోనే ఆవిడ ఇంకా అయిదేళ్ళు సకినాలు నమిలింది. వాకిట్లో అయిదు కాపురాల్లో ఒక్కరికీ ఆ సంగతి పొక్కలేదు. అట్లాంటివి ఆయన దగ్గర ఇంకెన్ని ఉన్నాయో. మా గల్లీలో ఎవరి ఇంట్లో ఏం దాస్తారో, ఏం విరుగుతుందో, ఏం పారేస్తారో అన్నీ ఆ ఒక్క మనిషికే తెలుసు. అవన్నీ ఆయన కడుపులోనే ఉండేవి.

ఇక ఆ బండి సంగతి.

డెబ్బైల నడిమి రోజులు. విదేశాల నుంచి పొడుగు జుట్ల వాళ్ళు రోడ్డు మీదుగానే దేశాలు దాటి వచ్చేవాళ్ళు. అట్లా వచ్చిన ఒక జంట బండి ఉప్పుగూడ రైలు గేటు దగ్గర మొరాయించింది. జనం దాన్ని తోసుకుంటూ తీసుకొచ్చి కరీం భాయ్ షెడ్డు ముందు ఆపారు. కరీం భాయ్ లారీ మెకానిక్, ఆయన కూతురు నా క్లాసులో చదివేది. ఇంగ్లీషు మాట్లాడే టీచరమ్మ ఉందని నన్ను పిలిపించారు. ఆ బండి నిజానికి చక్రాల మీద ఇల్లు. లోపల మంచం, పొయ్యి, పుస్తకాల అర, వెనక బీరువా అంత గది. ఆ గదిలో పాయఖానా. దాని కింద, బండి అడుగున, అదంతా చేరడానికి ఒక రేకు ట్యాంకు. ఆ సంగతి నేను తెలుగులో చెప్పినప్పుడు అక్కడున్న ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

గేరు సామాను బొంబాయి నుంచి రావాలి, మూడు వారాలు పడుతుందన్నారు. ఆ మూడు వారాల్లో నేను వాళ్ళకు చుట్టాన్నయిపోయాను. ఇంగ్లీషు మాట్లాడటానికి మనిషి దొరికిందని నాకు గర్వం కూడా. ఒక రోజు ఆ తెల్లమ్మాయి కొంచెం సిగ్గుపడుతూ, ఇంట్లో పాత పేపర్లుంటే కాసిని ఇస్తావా అని అడిగింది. ఎందుకని అడగాలని కూడా నాకు తట్టలేదు. వాళ్ళకు మన అక్షరాలంటే మోజు, దుకాణాల బోర్డులను ఫోటోలు తీసుకునేవాళ్ళు. బొమ్మలు చూసుకోవడానికే అనుకున్నాను. వట్టి పేపర్లు ఇస్తే ఏం బాగుంటుందని, మా ఆయన దాచుకున్న వారపత్రికల్లోంచి రంగుల అట్టలున్నవి ఏరి, పైన దసరా ప్రత్యేక సంచిక పెట్టి, ఒక కట్ట పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆ అట్ట మీద అమ్మవారి నిండు ముఖం, ఎర్రటి బొట్టు. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, ఇంత మంచివి ఎందుకు అంది. మా ఇళ్ళల్లో ఇవి మామూలే అన్నాను. కాగితానికి పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని. కాగితానికి అట్లాంటి ఉపయోగం ఒకటి ఉంటుందని ఎట్లా ఊహిస్తాను?

పది రోజులు తిరక్కుండా ఆ ట్యాంకు బిగుసుకుపోయింది. కింద మూత తీసినా ఏమీ దిగదు, పైనుంచి మాత్రం చుక్కచుక్కగా కారుతుంది. గేరు సామాను వచ్చింది కానీ, పడుకుని పని చేయాల్సింది సరిగ్గా ఆ ట్యాంకు కిందే. "పైలే ఇసకా పేట్ సాఫ్ కరావ్, టీచర్ సాబ్" అని కరీం భాయ్ దండం పెట్టాడు. ముందు దాని కడుపు ఖాళీ చేయిస్తే గాని కిందికి దూరనన్నాడు. ఆ ఆదివారమే మా బోనాలు. ఊరేగింపు ఆ రోడ్డు మీదనే పోవాలి. పండుగ పెద్దల్లో ఒకాయన వచ్చి, అమ్మవారు పోయే తోవలో ఈ గలీజేమిటి, శనివారంలోగా బండి కదలకపోతే మేమే కదిలిస్తామని చెప్పి వెళ్ళాడు. మా ట్యాంకు తీసే ఆయనకు నేనే కబురు పంపాను.

గురువారం పొద్దున తన మూత బకెట్, బూడిద సంచి పట్టుకుని వచ్చాడు. చొక్కా మడిచి కరీం భాయ్ తలుపు మీద పెట్టి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి ట్యాంకు చూశాడు, లేచి కిటికీలోంచి పొయ్యిని చూశాడు. ఆయన ముఖంలో అంత దిగ్భ్రమ నేను ఎప్పుడూ చూడలేదు.

"టీచరమ్మా, గిది ఎంబడి వెట్టుకోనే తిరుగుతరా?"

అవునన్నాను.

"పండేది?"

పడుకునేది లోపలే అన్నాను. వండుకునేది కూడా అక్కడేనని చెప్పాను.

ఆయన మెల్లగా నేల మీద కూలబడ్డాడు. "గిన్ని దేశాల కెల్లి దాన్ని ఎత్తుకొని వచ్చిండ్రా" అని, కాసేపటికి తనలో తను నవ్వుకున్నాడు. మమ్మల్ని గేటు దగ్గర ఆపే మీ ఇళ్ళేమిటి, ఈ ఇల్లేమిటి అని ఆయన అనలేదు. అన్నట్టే నాకు వినిపించింది.

మూత తీసి, కిటికీలన్నీ తెరిపించి, అలవాటు ప్రకారం దూరంగా వెళ్ళి బీడీ ముట్టించాడు. తెల్లాయన తొందరపడి ఇనప చువ్వ పట్టుకుని దూరబోతే, ఆగమని నాతో చెప్పించాడు. ఆ తెల్లాయన ఆగడమే కాదు, వచ్చి ఆయన పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు. చుట్టూ చేరిన జనం నోళ్ళు తెరిచారు. ఆ పిల్ల తను తాగే పింగాణీ కప్పులోనే టీ పోసి తెచ్చి ఆయనకు అందించింది. ఆయన నడుం గుడ్డలోంచి గ్లాసు తీసి నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు. ఎందుకట్లా అని ఆ పిల్ల నన్నడిగింది. ఆయన అలవాటంతే అన్నాను. ఆ రోజు నేను ఆడిన మొదటి అబద్ధం అది.

షెడ్డు పక్క ఖాళీ జాగాలో గుంట తవ్వి ఉంది. ఆయన వెల్లకిలా బండి కిందికి దూరి, వేడి నీళ్ళు, సోడా పోయించి, వెదురుబద్ద చివర గుడ్డ చుట్టి గొట్టంలోకి ఎక్కించాడు. చాలాసేపు ఏమీ రాలేదు. ఏదో మింగిందిది, కక్కుతలేదు అన్నాడు. తెల్లాయన చెప్పేది తెలుగు చేయడానికి నేను దగ్గరగా ఒంగి నిలబడ్డాను. మిగతా జనం, ముప్పై నలభై మంది, వాసనకు దూరంగా నిలబడ్డారు. పండుగ పెద్ద కూడా ఇద్దరు ముగ్గురు మనుషులతో వచ్చి అక్కడే ఉన్నాడు.

వెదురుబద్దతో పాటు ఒక ముద్ద బయటికొచ్చింది. కాగితం. ఆయన చేతిలో అది కొంచెం విచ్చుకుంది. మందమైన అట్ట కాబట్టి రంగులు పోలేదు. ఎర్రటి బొట్టు, ఒక కన్ను, ముక్కుపుడక.

ఆ ముఖం నాకు తెలుసు. నేనే ఏరి, అన్నిటికన్నా పైన పెట్టి ఇచ్చాను. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది, వాళ్ళు నీళ్ళ బదులు కాగితంతోనే తుడుచుకుంటారని, ఆ పిల్ల అందుకే సిగ్గుపడిందని. వెనక పండుగ పెద్ద ఉన్నాడు, మూడు రోజుల్లో బోనాలు. ఇది వాళ్ళ కంటబడితే ఈ బండి మిగలదు, ఈ ఇద్దరూ మిగలరు, ఇచ్చింది నేనని తెలిస్తే లాల్‌దర్వాజాలో మాకు ఇల్లుండదు, నా ఉద్యోగం ఉండదు. ఇవన్నీ ఆలోచించానే గానీ, ఆ చేతులు ఎవరివో మాత్రం ఆలోచించలేదు.

ఆయన ఆ ముద్దను అరచేత్తో మూసేశాడు. పక్కకు పొర్లి, జనం వైపు వీపు తిప్పి, దాన్ని బకెట్లో పెట్టి పైన బూడిద చల్లాడు. గోనెపట్టా లాగి చక్రానికి అడ్డం కట్టాడు. ఆ తరువాత వచ్చిన ప్రతి ముద్దా ఆ బకెట్లోకే పోయింది, ప్రతిసారీ పైన గుప్పెడు బూడిద. చివరికి గొట్టం గడగడలాడింది, మిగిలిందంతా గుంటలోకి దిగింది. తెల్లాయన చప్పట్లు కొట్టాడు. ఆయన బకెట్ మీద మూత పెట్టి, తాడుతో కట్టి, బయటికి వచ్చాడు.

ఎప్పుడూ ఆయన బకెట్ అందరి ముందే గుంటలో ఒంపేవాడు. ఆ రోజు ఒంపలేదు. అది పండుగ పెద్ద కనిపెట్టాడు. బకెట్లో ఏముందని అడిగాడు.

"ఏమొస్తది, అందరింట్ల వచ్చేదే."

మరి గుంటలో ఎందుకు పొయ్యవు, గోనె ఎందుకు అడ్డం కట్టావు అని ఇంకొకడు. అంతే, జనంలో చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఆ బండి వచ్చిన రోజు నుంచీ గల్లీలో ఒక పుకారు ఉంది, ఈ దేశందేశం తిరిగేవాళ్ళు బంగారం బిస్కెట్లు దాచి తెస్తారని. పోలీసు చెయ్యి పెట్టని చోటు ఇంకేముంటుంది? దొరికింది చూశావా, కొట్టేశాడు చూశావా అని ముప్పై గొంతులు ఒక్కసారి లేచాయి. కరీం భాయ్ చేతులడ్డం పెట్టి, పోనియ్యండ్రి భాయ్ అంటున్నా వినేవాళ్ళు లేరు.

ఇక్కడ చూడండి మా వాళ్ళ నిష్ఠ. బంగారం ఉందని అందరికీ నమ్మకమే, కానీ ఆ బకెట్‌ను చేత్తో ముట్టుకునేవాడు ఒక్కడూ లేడు. మూత నువ్వే తియ్ అంటారు. ఆయన తియ్యడు. కర్రతో బకెట్‌ను తోయబోతే దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని కూచున్నాడు. అప్పుడు కర్ర ఆయన మీద పడింది. భుజం మీద, వీపు మీద, చేతుల కణుపుల మీద. ఆయన కేకలు పెట్టలేదు. తల ఎత్తి చూశాడు, నా వైపు.

తెల్లాయన ముఖం పాలిపోయింది. వీళ్ళు ఈయన్ని ఎందుకు కొడుతున్నారు, ఏమంటున్నారు అని నన్ను అడిగాడు. ఆ నేల మీద రెండు భాషలూ తెలిసింది నేనొక్కదాన్నే. నేను ఉన్నది ఉన్నట్టు చెబితే ఆ పిచ్చి మనిషి, దానిలో ఉన్నవి వట్టి కాగితాలేనని చేతులు తిప్పి అందరికీ చూపించేవాడు. నేను చెప్పలేదు. ఇదంతా పండుగ గొడవ, ఆయన వాళ్ళకేదో పాత బాకీ పడ్డాడు, మీకు సంబంధం లేదు, సర్దుకుంటుంది అన్నాను. బాకీ అనే మాట నా నోట ఎట్లా వచ్చిందో తెలియదు. తెల్లాయన ఊపిరి పీల్చుకుని, కొంచెం నవ్వి, తల ఊపాడు.

ఆయన లేచాడు. బకెట్ చేత్తో పట్టుకుని మూసీ వైపు నడిచాడు. దారిలో అందరూ వాసనకు పక్కకు తప్పుకున్నారు, కాబట్టి ఎవరూ ఆపలేకపోయారు. చొక్కా తలుపు మీదే ఉండిపోయింది. సాయంత్రం పోలీసులు చౌకీకి పిలిపించి, గుడిసె అంతా సోదా చేసి, ఏమీ దొరక్క వదిలేశారట. దొరకలేదు కాబట్టి బాగా దాచాడని గల్లీ తీర్మానించింది. శనివారం బండి వెళ్ళిపోయింది. ఆ పిల్ల నన్ను కావలించుకుని ఏడ్చింది. ఆదివారం బోనాలు బ్రహ్మాండంగా జరిగాయి. నేను బోనం ఎత్తలేదు, జ్వరమన్నాను.

ఆ తరువాత మా గల్లీలో ఆయన్ని ఎవరూ పిలవలేదు. దొంగను ఇంటి దరికి ఎట్లా రానిస్తామన్నారు. ఇరవై ఏళ్ళుగా అందరి గుట్టూ మోసిన మనిషిని.

దసరా సెలవుల్లో ధైర్యం చేసుకుని రైలు పట్టాల పక్క ఆయన గుడిసెకు వెళ్ళాను. వెదురుబద్దలు చీలుస్తున్నాడు. స్టూలు కడిగి, తుడిచి, నాకు వేసి తను దూరంగా కూచున్నాడు. ఆయన కుడి చేతి రెండు వేళ్ళు వంగడం లేదు. కాగితాలు నేనే ఇచ్చానని చెప్పడానికి నాలుక తిరగక తడబడుతుంటే, ఆయనే అందుకున్నాడు.

"మీరిచ్చిన దినం నేను గా మోరీ కాడనే ఉన్న, టీచరమ్మా. మీది కెల్లి అమ్మవారి బొమ్మ గూడ జూసిన."

ఆ రోజు షెడ్డు ముందు మురిక్కాలువ తీస్తున్నాడట. అంటే మొదటి ముద్ద బయటికొచ్చినప్పుడే ఆయనకు తెలుసు, అది ఎవరిదో. నేను తల దించుకుని, ఇప్పుడైనా అందరికీ చెప్పేస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు దేశం దాటిపోయారు, ఇప్పుడు చెబితే ఆ కర్ర మీ మీదికి వస్తుంది, ఇంట్లో ముసలమ్మ ఉంది, వద్దన్నాడు. మరి అప్పుడే మీరు ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి సిగ్గుండాలి కదా, అడిగాను.

"నేను జెప్తే ఎవరు ఇంటరు? మీరు జెప్తరని మీ దిక్కు జూసిన. మీరు ఇంగ్లీషుల ఏందో అన్నరు, గా తెల్లాయన నవ్విండు. ఇగ సమజైంది."

కోపంతో అనలేదు. గొట్టంలో ఏం అడ్డం పడిందో చెప్పినట్టు చెప్పాడు. నేను ఏడిస్తే ఆయన కంగారుపడి, లేచి నిలబడి, ఎవరన్న జూస్తే బాగుండదు, పొద్దువోక ముందల ఇంటికి పోండ్రి అన్నాడు. ఇంట్లో వాళ్ళకైనా చెప్పారా అంటే, లేదన్నాడు. నమ్మకం లేనివాళ్ళ ఇంటి మూత ఇక తియ్యనని, ఇప్పుడు బేగంబజార్ గోదాముల దగ్గర పని చూసుకున్నానని చెప్పాడు. నేను ఆయన మాట అందుకుని, చెప్పవద్దన్నాడు కదా అని, పన్నెండేళ్ళు హాయిగా నోరు మూసుకున్నాను. ఆ మాట నాకు ఎంత అక్కరకొచ్చిందో నాకు తెలుసు.

ఆయా చెప్పిన మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఉప్పుగూడ వెళ్ళాను. గుడిసె స్థానంలో ఇప్పుడు ఇటుకల గది ఉంది. దినాలు అయిపోయాయి. ఆయన భార్య అంతకు ముందే పోయిందట. బయట షాబాదు బండలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, గడప దాకా కుప్పగా మట్టి. నల్లా పైపు వేయిస్తున్నారేమో అనుకున్నాను. లోపలికి తొంగి చూస్తే గది నేలంతా తవ్వి ఉంది. మోకాలి లోతు గుంటలో ఆయన కొడుకు గడ్డపారతో నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి, బేగంబజార్‌లో మూటలు మోస్తాడు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు.

"టీచరమ్మా, మీరు గా దినం ఆడనే ఉన్నరంట గద. ఎంత ఉండె బంగారం? బాపు సచ్చేదాంక నోరు ఇప్పలే."

అడిగితే ఏమొస్తది అంటుండె, అంతే, అన్నాడు. గోడల్లో చూశారట, మంచం కింద చూశారట, ఇక నేలే మిగిలిందట.

గడప మీద కూలబడి మొత్తం చెప్పాను. కాగితాలు, అట్ట మీది బొమ్మ, తెల్లాయన అడిగింది, నేను చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. జీవితంలో మొదటిసారి. అతను గడ్డపార మీద గడ్డం ఆనించి చివరిదాకా ఓపిగ్గా విన్నాడు. విని, చిన్నపిల్లకు చెప్పినట్టు మెత్తగా అన్నాడు.

"కాయితాల కోసం ఎవడన్న గన్ని దెబ్బలు తింటడా, టీచరమ్మా? చెప్పొద్దని బాపు మీతోని ఒట్టు వేయించుకున్నడు గావచ్చు. మీరు మాట నిలవెడుతున్నరు, మంచిదే. జర అటు జరుగుండ్రి, మన్ను మీద పడ్తది."

నేను జరిగాను.